పురుగు ముట్టని కొమ్ము

పురుగులు నా కొమ్ములు మూడింటినీ తిన్నాయి. హార్లన్ ట్రెక్స్‌లర్ కొమ్ముని ముట్టలేదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు జనవరి నుంచి మార్చి దాకా పట్టింది. చెప్పాల్సినవాళ్ళకి చెప్పేసరికి చెప్పీ లాభం లేకుండా పోయింది. అందుకే ఇప్పుడు ఎవరడిగినా అడక్కపోయినా ముందు ఇదే చెబుతున్నాను.

నా పేరు ఎల్వుడ్ డైసర్. ఇనుము పోతపోసే కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి బయటపడ్డాను. కొమ్ముపని అంతకంటే పాతది నాకు. మేం చేసేవి మందుకొమ్ములు. ఆవుకొమ్ముని ఉడకబెట్టి, పలచగా గీకి, అడుగున చెక్క బిగించి, కొసన మూతి తొలిచి మరబిరడా పెడితే పాతకాలం తుపాకీలో పోసే మందు వానలో కూడా తడవకుండా ఉంటుంది. ఇప్పుడా తుపాకులతో ఎవరికీ పని లేదు, ఈ కొమ్ములతో అంతకంటే లేదు. అయినా ఏటా మార్చి రెండో శనివారం మా పెన్సిల్వేనియా కొండల్లో ఉన్న కొమ్ముపనివాళ్ళమంతా ఫైర్‌స్టేషన్ హాల్లో కూడతాం. డెబ్భై ఎనభై మందిమి, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కొమ్ముగోడ మందం గురించి కొట్టుకుచస్తాం.

మా సంఘంలో శిష్యులుంటారు, పనివాళ్ళుంటారు, ఆపైన మేస్త్రులుంటారు. పనివాడు మేస్త్రి కావాలంటే తను చేసిన కొమ్ముని తెచ్చి మేస్త్రుల ముందు పెట్టాలి. మూడుసార్లే అవకాశం. మూతి మర చూస్తారు, అడుగుచెక్క చూస్తారు, తర్వాత పడమటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి హార్లన్ కొమ్ము పక్కన పెట్టి వెలుగుకెత్తుతారు. గోడ సమంగా ఉంటే వెలుగు అంతటా ఒకే తేనెరంగులో దిగుతుంది, ఎక్కడైనా మందంగా ఉంటే అక్కడ మసకేస్తుంది. హార్లన్ కొమ్ములో వెతికినా మసక దొరకదు. సంఘం పెట్టిన ఏడు ఆయన, మాకందరికీ పెద్దాయన, తన చేత్తో చేసిన కొమ్మది. దానితో సమానమైనదే మేస్త్రి కొమ్మని మా నియమాల్లో రాసుంది. నిజంగా 'సమం' అన్న మాట ఎవరూ అనిపించుకోలేదు. మా అధ్యక్షుడు డ్వైట్ స్నేవ్లీ నోటి నుంచి 'దాదాపు సమం' అని రాలితే చాలు, మేస్త్రి అయిపోయినట్టే. కొందరికి రాలుతుంది. నాకు రాలలేదు. యాభై రెండేళ్ళప్పుడొకసారి, యాభై ఆరులో ఒకసారి, అరవైలో ఒకసారి, మూడుసార్లూ 'గోడ సమంగా లేదు' అనే అన్నారు. ఇక చచ్చేదాకా నేను పనివాణ్ణే.

మూడోసారి తిరగ్గొట్టిన రోజు సాయంత్రమే నన్ను ఏడాది పాటు హార్లన్ కొమ్ముకి కాపలాదారుగా వేశారు. ఏడ్చే పిల్లాడి నోట్లో బెల్లంముక్క పెట్టినట్టు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ సభనాటికి భద్రంగా తేవాలి. చెయ్యి దానిమీద పెట్టించి ప్రమాణం కూడా చేయించారు: దీనికి ఇనుము తాకనివ్వను, దీని మంచిచెడ్డలు కార్యవర్గానికి తప్ప బయటి చెవిన పడనివ్వను. నేను ప్రమాణాన్ని ప్రమాణంగా తీసుకునే మనిషిని. అదే నా కొంప ముంచింది, నాది మాత్రమే అయితే బాగుండేది.

కాపలాదారు కొమ్ముని మఖమల్ సంచిలో పెట్టాలని నియమం. చలికాలం కదా, ఎండిపోయి బీటలిస్తుందేమోనని నేను మా అమ్మ ఉన్ని దుప్పటిలో చుట్టి, నా మూడు కొమ్ములతో కలిపి పెట్టెలో పెట్టాను. ఈ పని చేసే ఎవణ్ణడిగినా చెబుతాడు, ఉన్ని ఉన్నచోట పురుగుంటుందని. నాకూ తెలుసు. ప్రేమకొద్దీ బుద్ధి పనిచెయ్యలేదు. జనవరిలో పెట్టె తెరిచి చూశాను. నా కొమ్ములు జల్లెళ్ళయి ఉన్నాయి. పొట్ట దగ్గర వేలు పెడితే ఇటునుంచి అటు దిగింది. అడుగంతా పొడి, పురుగుల పొట్టు. ఎనిమిదేళ్ళ గీకుడు అది, చేటలో ఎత్తిపోసేంత పొడి.

హార్లన్ కొమ్ముని చూడటానికి ధైర్యం చాల్లేదు. నా భార్య నేడీన్‌ని పిలిచి చూడమన్నాను. ఆమె దాన్ని దుప్పటిలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి, దీనికేం కాలేదు, బతికిపోయావు పో, అంది. నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దణ్ణం పెట్టి చేతులు దించేలోపు నా కన్ను పొట్టు మీద పడింది. దాని చుట్టూ పొట్టే, దాని మీద పొట్టే. పురుగులు దానిమీద నడిచాయి, మూతి మరలో దూరి గూళ్ళు పెట్టాయి. ఒక్క చోట కూడా కొరకలేదు. కొమ్మంటే గోరూ జుట్టూ లాంటి సరుకు. పురుగుకి హార్లన్ ఎవరో ఎల్వుడ్ ఎవరో తెలియదు, కొమ్మయితే తింటుంది. తినలేదంటే అది కొమ్ము కాదు.

ఆ కొమ్ము పక్కన పెట్టి నన్ను మూడుసార్లు తిరగ్గొట్టారు. ఆ మాట తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. సూది కాల్చి ఆనిస్తే వాసన బట్టి ఒక్క క్షణంలో తేలిపోతుంది, కానీ ఇనుము తాకనివ్వనని ప్రమాణం చేసి ఉన్నాను. సరే, కార్యవర్గానికి చెప్పుకోవడం నా హక్కు కదా అని ఉత్తరం రాశాను. పది రోజులకి జవాబొచ్చింది. సభలో చర్చించే విషయాల జాబితా డిసెంబరు ఆఖరుతో మూసేశారట, పైగా నేను రాసింది తెల్లకాగితం మీదట, కాపలాదారు నివేదికకి వేరే ఫారం ఉందట. ఫారం తెప్పించుకున్నాను. అందులో 'చెక్కు చెదిరినదా', 'మరక పడినదా' అని గళ్ళున్నాయి. 'కొమ్మే కానిదా' అన్న గడి లేదు. ఆ మాట అంచున రాసి పంపాను.

డ్వైట్‌కి ఫోను చేశాను. పురుగులు పడ్డాయి అనగానే అవతల ఊపిరాగినంత పనైంది. పెద్దాయన కొమ్ముకి ఏమీ కాలేదన్నాక మళ్ళీ మనిషయ్యాడు. ఏమీ కాలేదు, అదే నా గొడవ, అని నేను మొదలుపెడితే వినే ఓపిక లేదు. నీ కొమ్ములు పోయినందుకు చాలా బాధగా ఉంది ఎల్వుడ్, ఆ దేవుడు చూడు ఏది కాపాడాలో దాన్ని కాపాడాడు, అని ఫోను పెట్టేశాడు. దాని మీద మళ్ళీ రెండుసార్లు చేశాను. నాకు మనసు బాగోలేదని ఊళ్ళో చెప్పాడని తర్వాత తెలిసింది.

ఇక హార్లన్ ఇంటికే వెళ్ళాను. ఎనభై ఆరేళ్ళ మనిషి, కప్పు పట్టుకుంటే కాఫీ ఒలికిపోయేలా చేతులు వణుకుతాయి. నావి తినేశాయి, మీదాన్ని ముట్టలేదు, అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. అదృష్టం, అన్నాడు. తర్వాత ఈ ఏడు మంచు తక్కువ పడిందన్నాడు, మేపుల్ చెట్లు రసం సరిగా కార్చవన్నాడు. నేను ఆ తెలివిగల మనిషి ఎదురుగా కూర్చుని, కాఫీ తాగి, మంచు గురించి మాట్లాడి వచ్చేశాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

ఇదంతా నా ఒక్కడి గోలయితే ఏదో ఒకటి అని ఊరుకునేవాణ్ణేమో. మార్లిస్ ఉంది. మార్లిస్ ఫెగ్లీ స్కూలుబస్సు నడుపుతుంది, తొమ్మిదేళ్ళుగా నా దగ్గర పని నేర్చుకుంది, నాకున్న ఒకే ఒక్క శిష్యురాలు. పొద్దున పిల్లల్ని దింపాక మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా ఖాళీ బస్సులో కూర్చుని కొమ్ము గీకుతుంది. బస్సంతా మాడిన జుట్టు కంపు అని పిల్లలు ఇళ్ళల్లో చెప్పి ఒకసారి ఆమె ఉద్యోగం మీదికి తెచ్చారు కూడా. రెండుసార్లు కొమ్ము పెట్టింది. మొదటిసారి మూతి మర వదులన్నారు, రెండోసారి అడుగుచెక్క పక్కన వెంట్రుకంత సందుందన్నారు. రెండూ నిజమే, నేనే ఒప్పుకున్నాను. కిటికీ దాకా ఆమె కొమ్ము ఇంకా వెళ్ళనేలేదు. ఈ మార్చి మూడోసారి, ఆఖరిసారి. మేస్త్రుల పేర్లు కాల్చిన చెక్కబోర్డు మీద నలభై మూడు పేర్లున్నాయి. అందులో ఆడపేరు ఒక్కటి లేదు. నేను దాటలేని గడప ఆమె దాటితే చాలనుకున్నాను, ఇంతకంటే నాకు వేరే ఆశ లేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం ఆమె బస్సులోంచి ఫోను చేసింది. మర బ్రహ్మాండంగా కుదిరిందంది. అడుగుచెక్క నీళ్ళు పోసినా కారట్లేదంది. ఇక మిగిలింది గోడే.

"పెద్దాయన కొమ్ము మీ దగ్గరే ఉంది కదా ఎల్వుడ్. మందం ఎంతుందో ఒక్కసారి కొలిచి చెప్తారా? నేను చీకట్లో గీకుతున్నట్టుంది."

కార్యవర్గానికి పంపిన ఫారానికి జవాబు ఇంకా రాలేదు. దాని మంచిచెడ్డలు బయటి చెవిన వేయకూడదు. మందం చెప్పడం మంచిచెడ్డల్లోకి వస్తుందా అని ఆలోచించాను. రాదు, మందం అంకె మాత్రమే, సరుకేమిటన్నది చెప్పకూడదు కానీ అంకె చెప్పొచ్చు. ఇలా లాయరులాగా ఆలోచించి, మరబిరడా విప్పి, వంకర కాలిపర్ లోపలికి దూర్చి కొలిచాను. ఇనుము తాకకూడదు కదా, ఇత్తడిదే వాడాను, అంత నిష్ఠ మళ్ళీ. అంగుళంలో ముప్పై రెండో వంతు, ఎక్కడ కొలిచినా అంతే, అన్నాను.

"అమ్మో, అంత పలచనా?" అంది. "సరే, అయితే నేనింకా సగం దూరంలో ఉన్నా," అని నవ్వింది.

అప్పుడైనా ఆగమని అనొచ్చు. అనలేదు. సభలోపు కార్యవర్గం ఏదో ఒకటి తేలుస్తుందని నాకు నమ్మకం. ముప్పై ఏళ్ళుగా ఆ కార్యవర్గాన్ని చూస్తూ కూడా ఆ నమ్మకం ఎలా మిగిలిందో నాకే తెలియదు.

సభరోజు పొద్దున్నే వెళ్ళి కొమ్ముని దాని అద్దాలపెట్టెలో పెట్టాను. అందరూ వచ్చి నా భుజం తట్టడమే. పురుగుల సంగతి అప్పటికే ఊరంతా పాకింది. పోనీలే ఎల్వుడ్, పెద్దాయనది దక్కింది, అదే పదివేలు, అని ఒకడు. పెద్దాయన చెయ్యి పడ్డ కొమ్ముని పురుగు కూడా ముట్టదు, అని ఇంకొకడు. ఈ రెండోవాడు మేస్త్రి, ఇరవై ఏళ్ళుగా కొమ్ములు ఉడకబెడుతున్నాడు. వాడి మొహం మీద కొట్టినట్టు అడగాలనిపించింది, ఎందుకు ముట్టదో ఒక్కసారి ఆలోచించావా నాయనా అని. ప్రమాణం గుర్తొచ్చి పళ్ళు నూరుకున్నాను.

భోజనాల వరసలో డ్వైట్‌ని పట్టుకున్నాను. పళ్ళెంలో ఎర్ర బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్లు పెట్టుకుంటున్నాడు. ఈ రోజు ఆ కొమ్ముతో పోల్చి ఎవర్నీ తీర్పు చెప్పొద్దు, ముందు నా నివేదిక వినండి, అన్నాను. నివేదిక పద్నాలుగో అంశం, తీర్పులు తొమ్మిదో అంశం, అన్నాడు. మార్చమన్నాను. సభ ఆమోదించిన వరసని అధ్యక్షుడు మార్చకూడదన్నాడు. పోనీ ఇక్కడే చెబుతాను విను, అది కొమ్ము కాదు డ్వైట్, పోత, అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకూ తట్టింది. పోత. ముప్పై ఒక్క ఏళ్ళు పోతలు పోసినవాణ్ణి, ఏడాదిగా నా ఇంట్లో పెట్టుకుని, గోడ ఎక్కడ కొలిచినా ఒకే మందం ఎందుకుందని అడగలేదు. పశువు తల మీద పెరిగింది ఏదీ అంత సమంగా ఉండదు, అంత పలచన గీకితే నిలవదు.

డ్వైట్ గుడ్డు నములుతూ నన్ను జాలిగా చూశాడు.

"ఎల్వుడ్, నీ కొమ్ములు పోయాయి. కడుపుమంట ఉంటుంది, కాదన్ను. దానికని పెద్దాయన మీద పడతావా? ఆయన వింటే ఏమనుకుంటాడు?"

పెద్దాయన మూడు బారల దూరంలో కూర్చుని రొట్టె మీద ఆపిల్ బటర్ రాయించుకుంటున్నాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.

అప్పుడు మార్లిస్ వచ్చింది. బస్సు డ్రైవర్ల నీలం కోటు మీదే వచ్చింది, చేతిలో పాత తలదిండు గలీబు, అందులో కొమ్ము. ఒక పక్కకి లాక్కెళ్ళి నాకు చూపించింది. ఇన్నేళ్ళలో నేను చూసిన కొమ్ముల్లో అలాంటిది లేదు. మూతి మర నూనె రాసినట్టు తిరుగుతోంది. పొట్ట మీద వాళ్ళ ఊరి వాగూ వంతెనా చెక్కింది. ట్యూబులైటుకి ఎత్తితే ఆ వంతెన వెలుగులో తేలింది. నా చేతులు దాన్ని పట్టుకోవడానికి భయపడ్డాయి. ఆరిన ఉల్లిపొరలా ఉంది.

"మీరు చెప్పినంతే," అంది. "ముప్పై రెండో వంతు. మొన్న గురువారం దాకా గీకాను. ఎక్కడా తేడా లేదు, కావాలంటే కొలవండి."

కొలవలేదు. బాగుంది, చాలా బాగుంది, అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. అది వెనక్కి తీసేసుకో, ఈ ఏడు పెట్టకు, అనడానికి నోరు తెరిచాను. అప్పుడే గంట కొట్టారు. గంట కొట్టాక పెట్టిన పేరు తీసేసుకుంటే అదీ ఒక అవకాశం కింద లెక్కే. ఇక ఏమన్నా ఆమెకి మిగిలేదేమీ లేదు.

మర చూశారు, తల ఊపారు. అడుగుచెక్క చూశారు, భూతద్దం పెట్టి మరీ చూశారు, తల ఊపారు. డ్వైట్ తెల్ల చేతితొడుగులు వేసుకుని రెండు కొమ్ముల్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. హాలంతా లేచి నిలబడింది. మూడు దాటిన ఎండ నేరుగా పడుతోంది. ఎడమచేతిలో హార్లన్ది, కుడిచేతిలో మార్లిస్‌ది. డ్వైట్ చూశాడు, చేతులు మార్చి చూశాడు, మరో ఇద్దరు మేస్త్రుల్ని పిలిచి చూపించాడు. ఎండ రెండింట్లోంచీ ఒకే తేనెరంగులో దిగింది. వంతెన చెక్కి ఉండకపోతే ఏది ఎవరిదో చెప్పడం వాళ్ళ వల్ల అయ్యేది కాదు.

"సమం," అన్నాడు డ్వైట్.

'దాదాపు' అనలేదు. ఆ మాట ఎప్పుడూ విననివాళ్ళు కాబట్టి జనానికి చప్పట్లు కొట్టడం కూడా తోచలేదు. మార్లిస్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మూర్ఖుణ్ణి, ఆ ఒక్క నిమిషం నాక్కూడా సంతోషం పొంగింది. పోనీ ఇలాగే గట్టెక్కితే నా నివేదిక ఏ పొయ్యిలోనో పడేద్దామనుకున్నాను.

ఆఖరిది గాలి పరీక్ష. మూతికి నోరు పెట్టి లోపలి గాలి పీలుస్తారు. కొమ్ములో సందు లేకపోతే అది పెదవిని పట్టుకుని వదలదు. డ్వైట్ కొమ్ముని పొట్ట దగ్గర పట్టుకుని పీల్చాడు. అందరికీ పీల్చినట్టే పీల్చాడు, ఇందులో అతని తప్పు లేదు. టిక్‌మని చిన్న చప్పుడైంది. అంత పెద్ద హాల్లో అందరికీ వినబడింది. డ్వైట్ కొమ్ముని నోటి నుంచి దించాడు. బొటనవేలు ఆనిన చోట వంతెన మధ్యలోంచి బీట, ఆవగింజ పట్టేంత వెడల్పు.

మార్లిస్ చేతులు నోటి మీదే ఉండిపోయాయి. డ్వైట్ చాలా మర్యాదగా, మనసు కష్టపెట్టుకుంటూనే చెప్పాడు: గోడ మరీ పలచనైంది, గాలి నిలవదు, సంఘం ఈ కొమ్ముని మేస్త్రి కొమ్ముగా ఒప్పుకోలేదు.

ఇక నాకు ప్రమాణమూ లేదు, పద్నాలుగో అంశమూ లేదు. చెక్కుడు బల్ల మీంచి ఒక సూదీ, మైనం కరిగించే దీపమూ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాను. డ్వైట్ అడ్డం వచ్చాడు. వాణ్ణి పక్కకి నెట్టాను, అంత గట్టిగా నెట్టాలనుకోలేదు, కుర్చీ మీద పడ్డాడు. సూది ఎర్రబడేదాకా కాల్చి హార్లన్ కొమ్ము అడుగు అంచుకి ఆనించాను. సుర్రుమని దిగింది. మాడిన జుట్టు కంపు రావాలి. వచ్చింది మాత్రం పొయ్యిలో పడ్డ ప్లాస్టిక్ దువ్వెన కంపు. అది ముందు వరసకి చేరింది, రెండో వరసకి చేరింది. కొమ్ము వాసనలో బతికిన మనుషులు, ఎవరికీ నేను వివరం చెప్పనక్కర్లేకపోయింది.

అందరూ హార్లన్ వైపు తిరిగారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. గొంతు చిన్నది, వినడానికి జనం దగ్గరికి జరిగారు. అసలు కొమ్ముని పంతొమ్మిది వందల ఎనభై మూడులో తన ఇంట్లోనే పురుగు తినేసిందట. సభకి వారమే ఉంది. తినగా మిగిలినదాన్ని మైనంతో పూడ్చి, అచ్చు తీసి, రంగు కలిపిన ప్లాస్టిక్‌తో పోత పోశాడట. ఇనుము తాకకూడదు, మంచిచెడ్డలు చెప్పకూడదు అన్న ప్రమాణం ఆ ఏడే పెట్టించాడట.

"ఆ ఒక్క ఏడాదికే అనుకున్నా," అన్నాడు. "మళ్ళీ నిజమైనది చేసి మార్చేద్దామనుకున్నా. పదకొండు చేశా. అంత సమంగా నాకే రాలేదు."

నేను ఆయన్ని తిట్టాలనుకున్న తిట్లన్నీ వరసగా సిద్ధం చేసుకుని ఉన్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. కోపం పోయి కాదు, ఎవరి మీద పోయాలో తెలియక.

మార్లిస్ బీట పడిన కొమ్ముని గలీబులో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఏడవడం లేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"జనవరిలో."

ఆమె లెక్క వేసుకుంది. వేసుకోవడం నాకు కనిపించింది. ఉత్తరం రాశాను, ఫారం పంపాను, ఫోను చేశాను, ప్రమాణం ఉంది, అని గబగబా చెప్పుకొచ్చాను. ఆమె అంతా విన్నది.

"నాకేమీ చెప్పక్కర్లేదు, మీ ప్రమాణం మీరుంచుకోండి," అంది. "ఇక గీకకు అంటే సరిపోయేది కదా ఎల్వుడ్. ఎందుకని నేనడిగేదాన్నా?"

అడిగేది కాదు. తొమ్మిదేళ్ళలో నేను ఆపమంటే ఆపింది, ఉడకబెట్టమంటే ఉడకబెట్టింది, ఎందుకని ఒక్కసారి అడగలేదు.

కార్యవర్గం వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రెండు నెలలు నా ఉత్తరం చదవడానికి తీరిక దొరకనివాళ్ళు ముక్కాలుగంటలో తీర్మానం రాసుకుని వచ్చారు. ఎనభై మూడు తర్వాత 'గోడ సమంగా లేదు' అన్న ఒక్క కారణంతో తిరగ్గొట్టిన తీర్పులన్నీ రద్దు. ఆ కొమ్ములు పెట్టినవాళ్ళు ఈ క్షణం నుంచి మేస్త్రులు. డ్వైట్ పేర్లు చదివాడు, పదకొండు. నలుగురు చచ్చిపోయారు, ఇద్దరు ఊళ్ళు వదిలి వెళ్ళారు, ఒకాయన వృద్ధాశ్రమంలో ఎవర్నీ గుర్తుపట్టడు. ఏడో పేరు నాది.

మార్లిస్ సంగతేమిటని అరిచాను. ఆమెని తిరగ్గొట్టింది గోడ సమంగా లేదని కాదు, గాలి నిలవలేదని, గాలి నిలవని కొమ్ము ఏ లెక్కనైనా కొమ్ము కాదు, అన్నాడు డ్వైట్. అది నిజం. నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి. అయితే నా పేరు కొట్టెయ్యమన్నాను. వద్దనుకునేవాళ్ళు ఏటా జనవరి ముప్పై ఒకటిలోపు రాసి ఇవ్వాలట. తెల్లకాగితం కాదు, ఫారం.

బోర్డు దించారు, కాల్చే కడ్డీ వేడెక్కింది, నా పేరులో మొదటి అక్షరం చెక్కలోకి దిగింది. ఎవరో తోలు ఏప్రన్ తెచ్చారు. కొత్త మేస్త్రికి ఏప్రన్ వెనక ముడి అతని శిష్యుడే వేయాలి, సంఘం పుట్టిన దగ్గర్నుంచీ అంతే. శిష్యులు లేనివాళ్ళకి కార్యవర్గం వేస్తుంది. డ్వైట్ వస్తున్నాడు. నేను వద్దని చెయ్యెత్తేలోపు మార్లిస్ లేచింది. గలీబుని కుర్చీలో పెట్టింది, నడిచి వచ్చింది, డ్వైట్ చేతిలోంచి ఏప్రన్ తీసుకుని నా మెళ్ళో వేసింది, వెనక్కి వెళ్ళి ముడి వేసింది. జనం చప్పట్లు కొట్టారు. నేను వెనక్కి తిరిగేసరికి ఆమె గలీబు తీసుకుని తలుపు దాటుతోంది. ఆ ముడి విప్పడం నా వల్ల కాలేదు, ఇంటికెళ్ళాక నేడీన్ వల్లా కాలేదు, చివరికి కత్తెరతో కోయాల్సొచ్చింది.